డిసెంబరు సెలవుల్లో కుటుంబమంతా తెరచాప పడవ మీద: ఏ దీవులకు వెళ్దాం?

నల్లకుంట_వాసి | జులై 6, రాత్రి 9:42

అందరికీ నమస్తే. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి.

మా నాన్నగారికి ఈ డిసెంబరుకు 70 నిండుతాయి. ఉద్యోగమంతా నీటిపారుదల శాఖలో, కాలవ గట్ల మీదే గడిచింది. సముద్రం మీద ఓ నాలుగు రోజులు ఉండాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. న్యూజెర్సీలో ఉన్న తమ్ముడూ నేనూ కలిసి, మాకోసమే ఒక తెరచాప పడవ మాట్లాడుకుని, వారం రోజులు దీవుల మధ్య తిరగాలని అనుకుంటున్నాం. మొత్తం తొమ్మిది మందిమి: అమ్మానాన్న, మేం రెండు జంటలు, ముగ్గురు పిల్లలు. పిల్లల వయసులు 12, 9, 4. పడవ నడపడం మాలో ఎవరికీ రాదు, స్కిప్పర్ కావాల్సిందే.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు. గుడ్డు కూడా ముట్టదు. రాజమహేంద్రవరంలో పుట్టి పెరిగిన మనిషే, కానీ 2019లో కచ్చులూరు దగ్గర పడవ మునిగినప్పటి నుంచి పడవ పేరెత్తితే భయం. తేదీలు మార్చలేం. డిసెంబరు 20, జనవరి 3 మధ్యలోనే కుదరాలి, తమ్ముడి పిల్లలకు అప్పుడే సెలవులు.

ఇంట్లో మూడు పేర్లు నలుగుతున్నాయి. తమ్ముడు కరీబియన్‌లోని బ్రిటిష్ వర్జిన్ దీవులంటాడు, నా భార్య హిందూ మహాసముద్రంలోని సెషెల్స్ అంటుంది, నా మనసు థాయిలాండ్‌లోని ఫుకెట్ మీద ఉంది. మూడింటి ఫొటోలూ బాగానే ఉన్నాయి. వెళ్ళొచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.

టాంపా_తెరచాప | జులై 6, రాత్రి 11:15

మీ తమ్ముడి మాటే నాదీను. వర్జిన్ దీవుల్లో నేనే పడవ అద్దెకు తీసుకుని ఆరుసార్లు తిరిగాను. కొత్తవాళ్ళకి అంతకంటే మంచి చోటు దొరకదు. అక్కడి పెద్ద దీవి టోర్టోలా నుంచి బయల్దేరితే తర్వాతి దీవి కళ్ళెదురుగానే కనపడుతూ ఉంటుంది. మధ్యలో ఉన్న సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానెల్‌కి రెండు వైపులా దీవులే, పెద్ద కెరటాలు లోపలికి రావు. రాత్రికి లంగరు వెయ్యక్కర్లేదు, చాలా చోట్ల పడవ కట్టుకోవడానికి నీళ్ళ మీద తేలే బోయలు ఉంటాయి. నార్మన్ దీవి గుహల్లో మాస్కు పెట్టుకుని ఈదితే పిల్లలు జన్మలో మర్చిపోరు.

తూర్పు వ్యాపార పవనాలు 15 నుంచి 20 నాట్ల (గంటకు సుమారు 28 నుంచి 37 కిలోమీటర్లు) వేగంతో రోజూ ఒకే వైపు నుంచి వీస్తాయి. ఇంజన్ ఆపేసి, చాప మీదే వెళ్తే ఉండే ఆ నిశ్శబ్దం కోసమే నేను మళ్ళీ మళ్ళీ వెళ్తాను.

కాకినాడ_కెరటం | జులై 7, ఉదయం 6:05

నల్లకుంట గారూ, నేను 26 ఏళ్ళు సరుకు ఓడల మీద పనిచేసి దిగినవాణ్ణి. మీరు దీవి ఏదని అడిగారు. నెల ఏది, మీ పడవలో అందరికంటే ఇబ్బంది పడే మనిషి ఎవరు, ఈ రెండూ తేలితే దీవి దానంతట అదే తేలుతుంది. నెల డిసెంబరు ఆఖరు. మనిషి మీ అమ్మగారు. ఇక మీ మూడు పేర్లనూ ఈ రెండింటి పక్కన పెట్టి చూద్దాం.

వర్జిన్ దీవులు: టాంపా గారు చెప్పిందంతా నిజమే. కానీ డిసెంబరు ఆఖర్లో అక్కడ క్రిస్మస్ విండ్స్ అని గాలి ముదురుతుంది. 25 నాట్లు రోజుల తరబడి వీచినా ఆశ్చర్యం లేదు. అలవాటున్నవాడికి అది పండగ. మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఆ గాలిలో పెద్ద పడవ నుంచి చిన్న రబ్బరు పడవలోకి దిగడం వేరే సంగతి.

సెషెల్స్: భూమధ్యరేఖకు 4, 5 డిగ్రీల దక్షిణాన ఉంటుంది, ప్రధాన దీవులు తుఫాన్ల దారిలో ఉండవు. అది పెద్ద ధైర్యం. కానీ డిసెంబరు నుంచి మార్చి దాకా వాయవ్య గాలి, జనవరిలో అన్ని నెలల కంటే ఎక్కువ వాన. అందరూ ఫొటోల్లో చూసే ఆన్స్ లాజియో బీచ్ వాయవ్యానికే తెరుచుకుని ఉంటుంది, ఆ కాలంలో అక్కడ రాత్రి లంగరు వేస్తే పడవ ఊగుతూనే ఉంటుంది. అక్కడ సముద్రం నెమ్మదించేది గాలి మారే రోజుల్లో, అంటే ఏప్రిల్, మే మొదట్లోనూ, అక్టోబరు, నవంబరు మొదట్లోనూ.

ఫుకెట్: నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఈశాన్య రుతుపవనాలు. ఆ గాలి భూమి మీదుగా వస్తుంది కాబట్టి అండమాన్ సముద్రం వైపున్న ఒడ్డుకి గాలి మరుగు దొరుకుతుంది. ఫుకెట్‌కి తూర్పున ఉన్న ఫాంగ్ఙా అఖాతం డిసెంబరులో చాలా రోజులు చెరువులా ఉంటుంది. నేనైతే ఇదే అంటాను.

అదే ఫుకెట్ జులైలో మాత్రం వద్దు. 2018 జులై 5న అక్కడ పర్యాటకుల పడవ మునిగి 47 మంది పోయారు. అది నైరుతి రుతుపవనాల కాలం. ఊరు అదే, సముద్రమూ అదే, నెల వేరు. అలాగే డిసెంబరులో థాయిలాండ్ అన్నాం కదా అని ఎవరైనా కో సముయి అంటే ఒప్పుకోకండి. అది థాయిలాండ్ గల్ఫ్ వైపు, ఈశాన్య గాలికి ఎదురు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అక్కడ వానలు.

ముంబై_మకాం | జులై 7, ఉదయం 10:30

సెషెల్స్ తరఫున ఒక్క మాట చెప్పనివ్వండి. మేం అక్టోబరులో వెళ్ళాం. ముంబై నుంచి నేరుగా విమానం ఉంది, మన పాస్‌పోర్టుకి వీసా అక్కర్లేదు, ముందుగా ఆన్‌లైన్‌లో ట్రావెల్ ఆథరైజేషన్ తీసుకుంటే చాలు. అక్కడి పెద్ద దీవి మాహే నుంచి ప్రాలాన్ దీవికి 45 కిలోమీటర్లు, ఆ ఒక్క దారే తెరిచిన సముద్రం, మా అత్తగారు అక్కడ రెండుసార్లు వాంతి చేసుకున్నారు. తర్వాత అన్నీ చిన్న చిన్న దూరాలే. క్యూరియస్ దీవిలో పెద్ద తాబేళ్ళు మెడ చాపి నిలబడితే పిల్లలు వాటి గొంతు కింద నిమిరారు. ప్రాలాన్‌లో వల్లే ద మే అడవిలో జంట కొబ్బరి చెట్ల కింద నడుస్తుంటే ఆకులు గొడుగుల్లా నెత్తి మీద. రాజధాని విక్టోరియాలో వినాయకుడి గుడి ఉంది, మామగారు మొదటిరోజే కొబ్బరికాయ కొట్టి బయల్దేరారు.

డిసెంబరు సంగతి కాకినాడ గారే సరి. మీ తేదీలు మారితే మాత్రం దీన్ని మర్చిపోకండి.

శ్రీకాకుళం_టు_అండమాన్ | జులై 7, మధ్యాహ్నం 1:20

బయటి దేశాల గురించే అందరూ రాస్తున్నారు, మా అండమాన్ ఊసే లేదేంటండీ? డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ సముద్రం బావుంటుంది. పోర్ట్‌బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) బజార్లో తెలుగులోనే బేరమాడుకోవచ్చు, మాలాంటి శ్రీకాకుళం, విశాఖ కుటుంబాలు చాలా ఉన్నాయి. అమ్మగారికి భోజనం బెంగే ఉండదు.

అయితే ఉన్నమాట చెప్పాలి. సొంతంగా పడవ తీసుకుని దీవి దీవికీ తిరుగుతూ రాత్రుళ్ళు పడవలోనే పడుకునే ఏర్పాటు ఇక్కడ ఇంకా పెద్దగా లేదు. చాలా దీవులకు అనుమతులు కావాలి, మనుషుల్లేని దీవుల్లో రాత్రి ఉండనివ్వరు. ఆదివాసుల రక్షణ కోసం కొన్ని చోట్లకు అసలు వెళ్ళకూడదు. నార్త్ సెంటినెల్ చుట్టూ 5 నాటికల్ మైళ్ళ (సుమారు 9 కిలోమీటర్లు) లోపలికి పోకూడదని చట్టమే ఉంది, ఉండాలి కూడా. హేవ్‌లాక్, నీల్ దీవులు ఫెర్రీ మీద చూసి హోటల్లో ఉండే ప్రయాణమైతే రండి. ఇల్లు మనదే అనుకోండి.

బే_ఏరియా_బాటసారి | జులై 8, ఉదయం 8:50

అమెరికా నుంచి వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం. హెచ్‌1బీ మీద ఉండి పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయినవాళ్ళు బ్రిటిష్ వర్జిన్ దీవులకు వెళ్తే తిరిగి రావడం కష్టం. స్టాంపు లేకుండా తిరిగొచ్చే వెసులుబాటు మనకు కెనడా, మెక్సికోలకే, అదీ 30 రోజుల్లోపు. దగ్గర దీవులకు ఆ వెసులుబాటు ఎఫ్ (విద్యార్థి), జె (ఎక్స్ఛేంజ్) వీసాల వాళ్ళకే ఉంది. మేం టికెట్లు కొనేశాక ఈ సంగతి తెలిసింది. నాలుగు రోజులు నిద్ర లేదు, అంత టెన్షన్.

చివరికి సరిహద్దు దాటకుండా అమెరికా వైపున్న సెయింట్ థామస్, సెయింట్ జాన్ దీవుల్లోనే తిరిగాం. సెయింట్ జాన్‌లో సగానికి పైగా నేషనల్ పార్కే. మాహో బేలో తాబేళ్ళు గడ్డి మేస్తుంటే పైన తేలుతూ చూశాం. ఏమీ పోగొట్టుకున్నట్టు అనిపించలేదు. వచ్చేటప్పుడు సెయింట్ థామస్ విమానాశ్రయంలో ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది, ఐ-797 (హెచ్‌1బీ ఆమోద పత్రం)తో సహా కాయితాలన్నీ దగ్గర పెట్టుకోండి.

నల్లకుంట_వాసి | జులై 8, రాత్రి 10:10

బాటసారి గారూ, తమ్ముడి కుటుంబానికి గ్రీన్‌కార్డులు ఉన్నాయి, ఆ ఇబ్బంది లేదు. ఎలాగూ ఈ డిసెంబరుకు హైదరాబాద్ వస్తున్నారు, కాబట్టి ఇక్కడి నుంచి అందరం కలిసి వెళ్తే అమ్మానాన్నకు ప్రయాణం కూడా తగ్గుతుంది. ఫుకెట్ వైపే మొగ్గుతున్నాం. అక్కడ పిల్లలతో, పెద్దవాళ్ళతో పడవలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? రోజు ఎలా గడుస్తుందో తెలుసుకోవాలని ఉంది.

సింగపూర్_కోడలు | జులై 9, ఉదయం 11:35

ఉన్నాం అన్నయ్యా. రెండేళ్ళ క్రితం జనవరిలో మా అత్తమామలు, మేం, ఇద్దరు పిల్లలు, ఆరు రాత్రులు. కొంచెం పెద్దగానే రాస్తాను, ఎందుకంటే నేను వెతికినప్పుడు ఇవేవీ ఎవరూ రాయలేదు.

ముందు పడవ. ఒంటి పొట్ట పడవ వద్దు, రెండు పొట్టల కాటమరాన్ తీసుకోండి. గాలికి పక్కకు ఒరగదు, టేబుల్ మీద టీ గ్లాసు పెడితే అలాగే ఉంటుంది. వెనకవైపు మెట్లు నీళ్ళ దాకా ఉంటాయి, అత్తయ్య ఆ మెట్ల మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టుకునేవారు. గదులు లెక్కపెట్టేటప్పుడు జాగ్రత్త. నాలుగు గదులు అంటే నాలుగూ మీవి కావు, స్కిప్పర్‌కి ఒక పడక, వంటమనిషిని పెట్టుకుంటే ఇంకొకటి కావాలి. మాకు ఒక ఏజెంటు ఈ సంగతి చెప్పకుండా పడవ కట్టబెట్టాడు. స్కిప్పర్ పాపం హాల్లో సోఫా మీద పడుకున్నాడు, రాత్రి నీళ్ళు తాగడానికి లేవాలన్నా మాకు మొహమాటం. మీరు తొమ్మిది మంది, ఐదు గదులూ, ముందు భాగంలో సిబ్బందికి వేరే పడకలూ ఉన్నది అడగండి. గదుల పటం పంపమనండి. పటం చూడకుండా డబ్బు కట్టకండి.

బాత్రూమ్ సంగతి. టాయిలెట్ గొట్టం సన్నంగా ఉంటుంది, కాగితం వెయ్యకూడదు. మనవాళ్ళకి నీళ్ళే అలవాటు కాబట్టి చేతి షవర్ ఉంటే చాలు, అది ఉందో లేదో అడగండి. మంచినీళ్ళ ట్యాంకు వందల లీటర్లలో ఉంటుంది గానీ తొమ్మిది మంది బకెట్ స్నానంలా పోసుకుంటే రెండో రోజుకే ఖాళీ. సముద్రంలో మునిగి, వెనక మెట్ల మీద ఒక్క నిమిషం మంచినీళ్ళతో కడుక్కోవడం అలవాటు చేసుకోవాలి.

తిండి. థాయ్ వంటలో చేపల సాస్ లేనిది దాదాపు ఉండదు, కూరగాయల వంట అని చెప్పినా పడుతుంది. అక్కడ మాంసం, చేప, గుడ్డు ఏదీ లేని తిండిని 'జే' అంటారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో రాసి ఉంటుంది. ఏటా సెప్టెంబరు, అక్టోబరుల్లో ఫుకెట్‌లో దాని పేరిట పెద్ద పండగే చేస్తారు, అందుకని ఆ మాట అందరికీ తెలుసు. అత్తయ్య మాత్రం పడవలోనే వండుకున్నారు. మూడు లీటర్ల కుక్కర్, ఒక మూకుడు, కందిపొడి, చింతపండు గుజ్జు, వేయించిన రవ్వ, ఆవకాయ తీసుకెళ్ళాం. మిక్సీ నమ్ముకోవద్దు, పడవ కరెంటు దానికి చాలదు. పొడులు ఇంట్లోనే కొట్టుకు వెళ్ళండి. మూడో రోజు సాయంత్రం సున్నపురాయి కొండ కింద లంగరు వేసుకుని, పోపు వాసన నీళ్ళ మీదుగా పక్క పడవకి వెళ్తే, వాళ్ళు చిన్న పడవేసుకుని వచ్చి అదేం వాసనని అడిగారు. అత్తయ్య వాళ్ళకి గిన్నెడు చారు ఇచ్చి పంపారు.

ఇంకొక నిజం. అఖాతం పైభాగంలో నీళ్ళు ఆకుపచ్చగా, మబ్బుగా ఉంటాయి, అడుగు కనపడదు. అద్దంలాంటి నీళ్ళు కావాలంటే దక్షిణానికి, ఫీఫీ దీవుల వైపు, ఇంకా కిందికి కో రోక్ దీవి దాకా వెళ్ళాలి. గాలి కూడా చాలా రోజులు ఉండదు, సగం ప్రయాణం ఇంజన్ మీదే. చాపల మీద పరుగెత్తాలన్న ఆశతో వెళ్తే నిరాశ పడతారు.

టాంపా_తెరచాప | జులై 9, రాత్రి 8:20

సింగపూర్ అమ్మా, ఆ చివరి మాట చెప్పినందుకు థాంక్స్. నేను నా ఇష్టం కోసం రాశాను, నల్లకుంట గారి అమ్మగారి కోసం రాయలేదు. అక్కడ వర్జిన్ గోర్డా దీవిలో 'ది బాత్స్' అని పెద్ద పెద్ద గ్రానైట్ బండల మధ్య నీటి మడుగులు ఉంటాయి, అందరూ చూడాలనుకునే చోటు. పడవలో వెళ్తే ఒడ్డు దాకా పోనివ్వరు, చిన్న పడవని తాడుకి కట్టేసి ఈదుకుంటూ వెళ్ళాలి. పెద్దవాళ్ళని రోడ్డు మీదుగా టాక్సీలో తీసుకెళ్ళొచ్చు గానీ అప్పుడు కుటుంబం రెండు ముక్కలవుతుంది. మీకు ఫుకెటే మంచిది. మీ తమ్ముడికి నా తరఫున చెప్పండి, వర్జిన్ దీవులు ఎక్కడికీ పోవు, ఏ మార్చిలోనో తన పిల్లలతో రమ్మనండి.

తెనాలి_డాక్టర్ | జులై 10, ఉదయం 7:15

సముద్రపు వికారం గురించి నాలుగు మాటలు. వాంతులు మొదలయ్యాక వేసుకుంటే మాత్ర పెద్దగా పనిచెయ్యదు, ముందు రాత్రి ఒకటి, బయల్దేరే ముందు ఒకటి వేసుకోవాలి. అవోమిన్ లాంటి మాత్రలతో నిద్ర మత్తు వస్తుంది. 70 ఏళ్ళ మగవారికి ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్నా, కంట్లో గ్లాకోమా ఉన్నా ఈ రకం మందులు, చెవి వెనక అంటించే ప్యాచ్‌లు డాక్టర్‌ని అడక్కుండా వాడొద్దు. నాలుగేళ్ళ పాపకి మోతాదు బరువును బట్టి మీ పిల్లల డాక్టరే రాయాలి. బీపీకి నీరు పోయే మాత్రలు వాడేవాళ్ళకి ఎండలో నీరసం తొందరగా వస్తుంది, మజ్జిగ, ఓఆర్‌ఎస్ పెట్టుకోండి. వికారం వచ్చినవాళ్ళని గదిలో పడుకోబెట్టకండి. పడవ మధ్యలో, గాలి తగిలేచోట కూర్చోబెట్టి దూరంగా ఆకాశం నీళ్ళు కలిసే గీత చూడమనండి.

హుస్సేన్‌సాగర్_సెయిలర్ | జులై 10, సాయంత్రం 6:40

అన్నా, పిల్లలు హైదరాబాద్‌లోనే ఉంటే డిసెంబరు దాకా ఎందుకు ఆగాలి? మన హుస్సేన్‌సాగర్ మీదే సెయిలింగ్ నేర్పుతారు. ఇప్పుడు వానాకాలం గాలి బాగుంటుంది, మాన్సూన్ రెగాటా జరిగేది కూడా జులైలోనే. పిల్లలు నేర్చుకునేది ఆప్టిమిస్ట్ అని 2.3 మీటర్ల బుల్లి పడవ, ఒక్కరే నడపాలి. నేను 11 ఏళ్ళప్పుడు దాంట్లోనే నేర్చుకున్నా. మొదటిరోజే పడవ బోల్తా కొట్టించి మళ్ళీ నిలబెట్టడం నేర్పుతారు. అది వచ్చిన పిల్లకి నీళ్ళంటే భయం ఉండదు, నీళ్ళంటే గౌరవం ఉంటుంది. మీ 12 ఏళ్ళ పాపని, 9 ఏళ్ళ బాబుని నాలుగు ఆదివారాలు తీసుకురండి.

నల్లకుంట_వాసి | జులై 12, రాత్రి 9:55

ఇద్దరిలో పెద్దది నా కూతురే, వచ్చే ఆదివారం తీసుకొస్తాను. ఆ తొమ్మిదేళ్ళవాడు తమ్ముడి కొడుకు, న్యూజెర్సీలో ఉన్నాడు.

ఇవాళ అమ్మకి ఈ చర్చంతా చదివి వినిపించాను. చారు సంగతి రెండుసార్లు చదివించుకుంది. చివర్లో ఒకటే అడిగింది: '2004లో సునామీ వచ్చింది అక్కడే కదురా?' నా దగ్గర జవాబు లేదు. కాకినాడ గారూ, మీరు చెప్పగలరా?

కాకినాడ_కెరటం | జులై 13, ఉదయం 5:50

అక్కడేనండి. 2004 డిసెంబరు 26న ఫీఫీ, ఫాంగ్ఙా తీరాల్లో చాలామంది పోయారు. మన కోస్తాలోనూ పోయారు. అమ్మగారు అడగడం న్యాయమే, దాచకుండా చెప్పండి.

లోతు నీళ్ళలో సునామీ అల ఎత్తు తక్కువ, పడవ కిందుగా పోతుంది, లోపల ఉన్నవాళ్ళకి తెలియకపోవచ్చు. అది పైకి లేచి కొట్టేది ఒడ్డు దగ్గర, లోతు తగ్గేచోట. ఆ తర్వాత హిందూ మహాసముద్రానికంతటికీ హెచ్చరిక వ్యవస్థ వచ్చింది, మన హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కూడా దాంట్లో భాగమే. థాయ్ తీరంలో సైరన్ స్తంభాలు పెట్టారు. ఒడ్డున ఉన్నప్పుడు భూమి గట్టిగా ఊగినా, నీళ్ళు ఉన్నట్టుండి వెనక్కి పోయినా, సైరన్ కోసం చూడకుండా ఎత్తైన చోటికి వెళ్ళిపోవాలి. స్కిప్పర్‌ని మొదటిరోజే అడగండి, రేడియోలో హెచ్చరిక వస్తే ఏం చేస్తావని. మంచి స్కిప్పర్ తడుముకోడు.

కచ్చులూరు దగ్గర ఆ రోజు వరద గోదావరి. లంగరు వేసిన కాటమరాన్‌కీ, వరద సుడిలో నిండుగా జనం ఎక్కిన పడవకీ పోలిక లేదు. ఆ భయం మాటలతో పోదు కూడా. లైఫ్ జాకెట్ తొడుక్కునే కూర్చుంటానంటే కూర్చోనివ్వండి, ఎవరూ వద్దనకండి.

పిల్లల జాకెట్లు బరువుకి తగ్గవి పడవలో ఉన్నాయో లేదో ముందే రాయించుకోండి. కాళ్ళ మధ్య నుంచి కట్టే పట్టీ ఉండాలి, లేకపోతే నీళ్ళలో జాకెట్ పైకి లేచిపోయి పాప కిందికి జారుతుంది. చీకటి పడ్డాక పిల్లలెవరూ ఒంటరిగా బయటికి రాకూడదు, ఈ ఒక్క నియమం స్కిప్పర్ నోటితోనే చెప్పించండి.

సింగపూర్_కోడలు | జులై 13, ఉదయం 9:05

ఇంకొకటి మర్చిపోయాను. ఆటుపోట్లు! అమావాస్య, పౌర్ణమి దగ్గర అక్కడ నీటిమట్టం దాదాపు మూడు మీటర్లు మారుతుంది. ఒడ్డుకి వెళ్ళే ముందు నీళ్ళు ఎప్పుడు తీస్తాయో తప్పకుండా అడగండి. కొండల లోపల హాంగ్‌లని నీటి గదులు ఉంటాయి, వాటిలోకి సొరంగం గుండా కయాక్ మీద వెళ్ళేది కూడా ఆ గంటను బట్టే.

నల్లకుంట_వాసి | ఆగస్టు 2, రాత్రి 10:30

ఖాయం చేశాం. ఐదు గదుల కాటమరాన్, స్కిప్పర్, వంటకు సాయం చేసే ఒకామె. డిసెంబరు 22 నుంచి ఆరు రాత్రులు. గదుల పటం తెప్పించుకునే డబ్బు కట్టాం. నేషనల్ పార్కు రుసుములు, డీజిల్ వేరే అని కాయితంలో చిన్న అక్షరాల్లో ఉంది, అవి కూడా లెక్కలో వేసుకున్నాం. వెళ్ళేవాళ్ళు గమనించండి, 2025 మే 1 నుంచి థాయిలాండ్‌కి డిజిటల్ అరైవల్ కార్డు ముందే నింపాలి. వీసా నియమాలు మారుతున్నాయి, టికెట్లు కొనే ముందు ఎంబసీ సైట్ చూసుకోండి.

నల్లకుంట_వాసి | జనవరి 5, రాత్రి 8:15

వచ్చేశాం. మీ అందరికీ బాకీ ఉన్నాను కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తాను.

మొదటి సాయంత్రం అమ్మ పడవ ఎక్కడానికే పావుగంట పట్టింది. మెరీనాలో పడవకీ గట్టుకీ మధ్య చిన్న పలక వేశారు. తమ్ముడు అటు, నేను ఇటు. స్కిప్పర్ యాభై దాటిన థాయ్ మనిషి. తొందర పెట్టలేదు, పలక చివర మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులూ చాపాడు. అమ్మ మా ఇద్దరి చేతులూ వదిలేసి ఆయన చేతులు పట్టుకుంది.

ఆ రాత్రి లంగరు గొలుసు గరగరలాడినప్పుడల్లా లేచి కూర్చుంది. లైఫ్ జాకెట్ తొడుక్కునే పడుకుంది. రెండో రాత్రి దాన్ని దిండు పక్కన పెట్టుకుంది. మూడో రాత్రి అది ఎక్కడుందో నాకు కనపడలేదు.

నాన్న తెల్లవారుజామున నాలుగింటికే లేచేవారు. పడవ ముందు భాగంలో రెండు పొట్టల మధ్య వల కట్టి ఉంటుంది కదా, దాని మీద వెల్లకిలా పడుకుని చుక్కలు చూసేవారు. నా కూతురు హుస్సేన్‌సాగర్‌లో నేర్చుకున్న తాళ్ళ ముడులు స్కిప్పర్‌కి వేసి చూపించింది. తర్వాత రోజు నుంచి తాళ్ళ పని దానికే అప్పజెప్పాడు. మధ్యాహ్నం కాస్త గాలి వచ్చిన రెండు రోజులూ చుక్కాని కూడా పట్టనిచ్చాడు. ఇంజన్ ఆపగానే అందరం మాటలు ఆపేశాం. టాంపా గారూ, మీరు రాసిన నిశ్శబ్దం అదేననుకుంటాను.

కో పన్యీలో నీళ్ళ మీద కర్రలు పాతి కట్టిన ఊరు, నీళ్ళ మీదే ఫుట్‌బాల్ మైదానం. పిల్లలు అక్కడి పిల్లలతో గంటసేపు ఆడారు. ఫీఫీ దీవుల్లోని మాయా బే మాత్రం మాకు నచ్చలేదు. పగడాలు కోలుకోవడానికి 2018లో మూసి 2022లో తెరిచారు, పడవల్ని లోపలికి రానివ్వరు, అది మంచిదే. కానీ వెనక నుంచి దిగి నడిచి వెళ్ళాలి, క్రిస్మస్ రోజున విపరీతమైన జనం. అమ్మ పడవలోనే ఉండిపోయింది.

ఇక మేం చేసిన తప్పు. సింగపూర్ చెల్లెమ్మ చెప్పినా వినలేదు. కో యావ్ నోయి దీవిలో ఊరు చూద్దామని చిన్న పడవలో అందరం ఒడ్డుకి వెళ్ళాం. స్కిప్పర్ రెండు గంటల్లో వచ్చెయ్యమన్నాడు. రబ్బరు తోటల మధ్య నడుస్తుంటే కొమ్ముకోడి (హార్న్‌బిల్) పిట్టల జంట కనపడింది, వాటిని చూస్తూ మూడు గంటలు చేశాం. వచ్చేసరికి చిన్న పడవ బురద మీద ఉంది, నీళ్ళు వంద గజాల అవతల. బురద మోకాలి లోతు. అమ్మని అందులో నడిపించలేం. ఒడ్డున రొట్టెలు కాల్చే ఒక ముస్లిం ఆవిడ మమ్మల్ని చూసి, కొట్టు ముందు బల్ల వేసి అమ్మని కూర్చోబెట్టింది. అమ్మకి థాయ్ రాదు, ఆవిడకి తెలుగు రాదు. పిండిని ఆవిడ గాల్లో విసిరి పల్చగా చేస్తుంటే అమ్మ లేచి వెళ్ళి పక్కన నిలబడింది. కాసేపటికి చూస్తే అమ్మ చేతిలో పిండి ముద్ద ఉంది. చీకటి పడ్డాక నీళ్ళు మళ్ళీ వచ్చాయి, తొమ్మిదింటికి పడవ చేరాం. స్కిప్పర్ ఏమీ అనలేదు, మర్నాటి నుంచి మాత్రం నీళ్ళు తీసే గంట కాయితం మీద రాసి నా జేబులో పెట్టేవాడు.

గాలి తక్కువ, ఇంజన్ ఎక్కువ, ఉత్తరాన నీళ్ళు మబ్బు. మీరు చెప్పినవన్నీ నిజమే. ఒక్కరికి కూడా వాంతి కాలేదు.

టాంపా_తెరచాప | జనవరి 5, రాత్రి 11:40

చదువుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. ఆవిడని నేను ఎప్పుడూ పడవ ఎక్కించలేకపోయాను. మీ నాన్నగారికి నా తరఫున పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పండి.

సింగపూర్_కోడలు | జనవరి 6, ఉదయం 8:30

అన్నయ్యా, ఆ రొట్టెల కొట్టు ఎక్కడో గుర్తుంటే రాయండి, ఈసారి అత్తయ్యని తీసుకెళ్తాను.

హనుమకొండ_అమ్మ | జనవరి 9, సాయంత్రం 5:10

అంతా చదివినం, చాలా మంచిగ రాసిన్రు. మాకు కూడా పోవాలని ఉంది, కానీ మా ఆయన టీచర్, సెలవులు మేలనే. ఫుకెట్ మేలో పోవచ్చునా? మా పాపకు ఆరేండ్లు.

కాకినాడ_కెరటం | జనవరి 10, ఉదయం 6:00

మేలో ఫుకెట్ వద్దమ్మా, నైరుతి గాలి అప్పటికే మొదలవుతుంది. ఏప్రిల్ ఆఖరు వారం, మే మొదటి వారంలో కుదిరితే సెషెల్స్ చూడండి, పైన ముంబై_మకాం గారు రాసింది చదవండి. మే 15 దాటితే అక్కడా ఆగ్నేయ గాలి పెరుగుతుంది. మీతో పెద్దవాళ్ళు ఎవరైనా వస్తున్నారా? వస్తుంటే వాళ్ళకి మెట్లు దిగడం, ఎక్కడం ఎలా ఉందో రాయండి, దాన్ని బట్టి మిగతాది చూద్దాం.